గొంతు మనదే, మరి పని ఎవరిది?

రేడియో అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేవి ఆకాశవాణి స్త్రీల కార్యక్రమాలు. బియ్యం ఏరుకుంటూనో, కూర తరుక్కుంటూనో వినేవాళ్లం. పిల్లల పెంపకం గురించి, పొదుపు గురించి, ఆరోగ్యం గురించి చదువుకున్నవాళ్లు చెప్పేవాళ్లు. వాటివల్ల మేలు జరగలేదని కాదు. కానీ చెప్పేవాళ్లు ఒకరు, వినేవాళ్లు మరొకరు అన్న ఏర్పాటు మాత్రం మారలేదు. కూలికి పోయే స్త్రీ తన సంగతి తన యాసలో రేడియోలో చెప్పగలదని ఎవరూ అనుకోలేదు.

అలా అనుకున్నది జహీరాబాద్ ప్రాంతపు స్త్రీలు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన గ్రామ సంఘాల్లోని పేద స్త్రీలు, ఎక్కువమంది దళితులు, తమకొక రేడియో కావాలని 1990లలోనే అడిగారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పండగలు, పాటలు, మందు మొక్కలు - తమకు తెలిసినవి ఇన్ని ఉండగా వేరెవరో వచ్చి తమకు వ్యవసాయం నేర్పడమేమిటన్నది వాళ్ల ప్రశ్న. 1998లో యునెస్కో సాయంతో అప్పటి మెదక్ జిల్లా (ఇప్పుడు సంగారెడ్డి జిల్లా) మాచ్‌నూరులో స్టూడియో ఏర్పడింది. నర్సమ్మ అన్న ఒకే పేరున్న ఇద్దరు దళిత యువతులు మైకు పట్టడం, రికార్డు చేయడం, ఎడిటింగ్ నేర్చుకున్నారు. అన్నీ సిద్ధమయ్యాయి, ఒక్క లైసెన్సు తప్ప. పదేళ్లపాటు వాళ్లు రికార్డు చేసిన కార్యక్రమాలను సంఘాల సమావేశాల్లో టేపుల మీదే వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, సంఘం రేడియో గాలిలోకి వచ్చింది.

ఈ పదేళ్లు ఎందుకు పట్టాయో మనం గుర్తుపెట్టుకోవాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం గానీ ప్రైవేటు గుత్తాధిపత్యం గానీ కూడదని సుప్రీం కోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ తీర్పు తర్వాత తలుపు ముందుగా తెరుచుకున్నది ఎవరికి? వేలంలో డబ్బు పెట్టగలిగిన కంపెనీలకు. 2001 జూలైలో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రం మొదలైంది. 2002 చివరలో విద్యాసంస్థలకు అవకాశమిచ్చారు. ప్రజల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు ఆ అవకాశం 2006 నవంబరులో గానీ రాలేదు. ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పిన తర్వాత కూడా అందరికన్నా వెనక నిలబడవలసి వచ్చింది ప్రజలే. ఈలోగా కర్ణాటకలో కోలారు జిల్లా బూదికోట గ్రామస్థులు లైసెన్సు దొరక్క తమ 'నమ్మ ధ్వని' కార్యక్రమాలను కేబుల్ తీగల మీద ఇళ్లకు చేర్చుకున్నారు. మాట్లాడాలన్న కోరిక ఉన్నవాళ్లు ఏదో ఒక దారి వెతుక్కుంటారు.

2024 మొదటికి దేశంలో 480కి పైగా కమ్యూనిటీ రేడియో కేంద్రాలున్నాయి. సంతోషమే. అయితే ఈ కేంద్రాల గురించి రాసేటప్పుడు అందరూ వాడే మాట ఒకటుంది: 'స్వచ్ఛందంగా నడుస్తున్నాయి'. ఈసారి ఆ మాట గురించే మనం కాస్త ఆలోచించాలి.

చిన్న రేడియో నడపడమంటే మైకు ముందు కూర్చుని మాట్లాడడం మాత్రమే కాదు. పక్క ఊరికి వెళ్లి ఒక ముసలమ్మ చేత పాట పాడించాలి. ఆమె పొలం నుంచి వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. ఆ పాటలోంచి కోడి కూతలు, ట్రాక్టరు చప్పుడు తీసేయాలి. కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టాలి. ఏ రోజు ఏం వినిపించామో పుస్తకంలో రాయాలి. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలపాటు భద్రపరచాలని నిబంధన కూడా ఉంది. ఇంత పనీ చేసి సాయంత్రం అనుకున్న వేళకు గొంతు వినిపించాలి. ఒక్కరోజు ఆగినా ఊళ్లో అడుగుతారు.

ఈ పనికి కావలసిన పొద్దు ఎవరి దగ్గర ఉంది? భూమి ఉండి, ఇంట్లో వండిపెట్టే మనిషి ఉన్న మగవాడు రెండు గంటలు 'స్వచ్ఛందంగా' ఇస్తే అది సేవ అనిపించుకుంటుంది. దినకూలీ మీద బతికే స్త్రీ అదే రెండు గంటలు ఇస్తే ఆ పూట కూలి పోతుంది, లేదా ఆమె నిద్ర పోతుంది. ఇంట్లో వంట, నీళ్లు, పిల్లలు ఎలాగూ తప్పవు. రాత్రి ఎనిమిదింటికి స్టూడియో నుంచి ఇంటికొచ్చిన కోడలు సమాధానం చెప్పుకోవలసిన ప్రశ్నలు వేరే. స్త్రీలు ఇంట్లో జీతం లేకుండా చేసే పనిని పనిగా లెక్కించండని మనం ఇన్నేళ్లుగా అడుగుతున్నాం. మన రేడియోలోనే అదే పద్ధతి కొనసాగితే ఇక అడిగే హక్కు మనకేముంటుంది? చాకిరీ ఆడవాళ్లదీ, పేరు కమిటీ అధ్యక్షుడిదీ అయిన చోట దాన్ని స్వచ్ఛంద సేవ అనకూడదు.

దీనికి కేంద్రాలు నడిపేవాళ్లను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. నిబంధనలే వాళ్ల చేతులు కట్టేశాయి. మొదట్లో గంటకు అయిదు నిమిషాలే ప్రకటనలు అనుమతించారు. అది ఏడు నిమిషాలయింది, 2024 ఫిబ్రవరి మార్గదర్శకాల్లో పన్నెండు నిమిషాలకు పెరిగింది. ప్రకటన ధర పది సెకన్లకు 74 రూపాయలుగా నిర్ణయించారు. కానీ కూలీలు మాత్రమే వినే రేడియోకి ప్రకటన ఇచ్చే వ్యాపారి ఎవరు? దీనికి తోడు 2012లో తరంగాల వార్షిక రుసుమును 19,700 రూపాయల నుంచి ఏకంగా 91,000కు పెంచాలని చూశారు. దేశమంతటా కమ్యూనిటీ రేడియోలు ఒకరోజు మౌనం పాటించి నిరసన తెలిపాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కోట్ల వ్యాపారం చేసేవాళ్లతో పాటు ఊరి సంఘమూ గాలికి అద్దె కట్టాలనడం ఏ న్యాయం?

రెండో సంగతి భద్రత. పట్నం రేడియోలో పేరు చెప్పకుండా మాట్లాడితే చాలు, ఎవరూ గుర్తుపట్టరు. పది పదిహేను కిలోమీటర్లకు మించని ఊరి రేడియోలో పేరు దాచినా గొంతు దాగదు. భర్త కొడుతున్నాడని చెప్పిన స్త్రీని మర్నాడు బావి దగ్గరే గుర్తుపడతారు. అందుకని ఇలాంటి విషయాలు వద్దనుకుంటే రేడియోలో మిగిలేవి పచ్చళ్లూ పాటలే. దారి లేకపోలేదు. ఒకరి అనుభవాన్ని మరొకరు చదవవచ్చు. నలుగురి కథ కలిపి నాటకంగా వేయవచ్చు. నెల్లూరు జిల్లా సారా వ్యతిరేకోద్యమాన్ని గుర్తు చేసుకోండి. అక్షరాస్యత వాచకంలో చదువుకున్న సీతమ్మ కథలో దూబగుంట స్త్రీలు తమ కథనే చూసుకున్నారు. ఎవరి పేరూ బయటపెట్టని ఒక పాఠం 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా నడిచిన ఉద్యమానికి ఊపిరి పోసింది. చెప్పిన మనిషికి హాని లేకుండా చెప్పిన మాటను ఊరికి చేర్చడం నేర్చుకోవలసిన విద్య. ఆ శిక్షణ ఇవ్వకుండా స్త్రీలను మైకు ముందు కూర్చోబెట్టడం బాధ్యత కాదు.

మూడో సంగతి వార్తలు. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వినిపించవచ్చునంతే. వాతావరణం, పరీక్షా ఫలితాలు, నీళ్లు ఎప్పుడొస్తాయన్నది చెప్పవచ్చు. నీళ్లు దళితవాడకు ఎందుకు రావడంలేదో చెబితే అది వార్త అవుతుందా, కాదా? ఉపాధి హామీ కూలి డబ్బులు నెలల తరబడి రాలేదని చెబితే? సమాధానం అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడితే భయపడేది ఎప్పుడూ బలహీనులే. పత్రికకూ టీవీకీ ఉన్న హక్కు ఊరి రేడియోకి ఎందుకు ఉండకూడదో ప్రభుత్వం ఇంతవరకు ఒప్పించేలా చెప్పలేదు.

2024 మార్గదర్శకాల్లో ఒక మంచి మాట ఉంది. కేంద్రానికి ఉండే సలహా, కార్యక్రమాల కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి. పంచాయతీ రిజర్వేషన్ల అనుభవం ఉన్న మనకు దీని బలమూ తెలుసు, లోపమూ తెలుసు. సంతకం ఆమెది, పెత్తనం భర్తది అయిన పంచాయతీలు ఎన్ని చూడలేదు? కమిటీ సమావేశం ఎన్ని గంటలకు పెడతారు, లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది, స్టూడియో తాళంచెవి ఎవరి కొంగున ఉంటుంది - వీటిని బట్టే ఆ సగం నిజమో కాదో తేలుతుంది.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. రేడియోలో పనిచేసే ప్రతి స్త్రీకి కనీసం ఆ రోజు కూలి దక్కాలి. ప్రభుత్వ ప్రకటనల్లో ఊరి రేడియోలకు కచ్చితమైన వాటా ఉండాలి. స్థానిక వార్తలు చెప్పే హక్కు ఉండాలి. దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీల సంఘాలు సొంతంగా కేంద్రం పెట్టుకోవాలంటే దరఖాస్తు దగ్గర్నుంచి సాయం అందాలి. ఇవి ప్రభుత్వాన్ని అడగవలసినవి. మనల్ని మనం అడగవలసినదీ ఒకటుంది. మీ చుట్టుపక్కల కమ్యూనిటీ రేడియో ఉంటే ఈ వారం ఒకసారి వెళ్లి రండి. మాట్లాడుతున్నదెవరో వినడంతో ఆగకండి. ఊడ్చేదెవరు, ఎడిటింగ్ చేసేదెవరు, నిర్ణయించేదెవరు, కూలి ఎవరికి అందుతోందని అడగండి. అక్కడ తెలిసినది మాకు రాయండి.