కారము కడుగని చేయి



సంక్రాంతి దాటినది మొదలు ఉగాది వెళ్లువరకు మా గుంటూరు సీమలో ఏ త్రోవను బోయినను మిరపఘాటే. పొలములలో కోతలు, కల్లములలో ఎండుచున్న కాయలు, తాలుకాయల నేరుచు గూర్చున్న స్త్రీలు, గుంటూరి యార్డునకు బస్తాలు మోయు లారీలు! ఇండ్లలోనో పండుమిరపకాయల పచ్చడి సంరంభము. ఈ దినములలో మా యింట జరిగిన యొక చిన్న సంగతిని ఈ నెల మీకు వ్రాయుచున్నాము. చెప్పుకొనుటకు కొంత సిగ్గుగనే యున్నది. అయినను మావలె పసిపిల్లలతో క్రైస్తవగృహమును నడుపుకొను తల్లులకు, ఆ మాట కేమి, ఏ మతమునందలి తల్లులకైనను ఉపయోగపడునని తోచినది.

మా వారు బడిపంతులు. మాకు ముగ్గురు బిడ్డలు. పెద్దదానికి తొమ్మిదేండ్లు, నడిమివానికి ఆరేండ్లు, చంటిదానికి ఇంకను రెండేండ్లు నిండలేదు. మా దినచర్య మీ దినచర్య వంటిదే. పాలు కాచుట, జడలు వేయుట, బడికి డబ్బాలు సర్దుట, చంటిది ఒలుకబోసినది తుడుచుట. క్రైస్తవులమగుటచే ఇందు మఱి రెండు మూడు పనులు చేరును. ఎసట బియ్యము పోయుటకు ముందు ఒక గుప్పెడు తీసి వేఱుగ నుంచుదుము. అది ఆదివారమున గుడికి జేరును. ఆ గుప్పెడు తీయు పని నడిమివానిది. వాని పిడికిలిలో నిలుచునదానికంటె నేల రాలునదే యెక్కువ. శనివారమున పెద్దదానిచే ఆదివారపు బడి వాక్యమును అప్పగింప జేయవలెను. ప్రతిదినమును దీపములు పెట్టిన పిమ్మట కుటుంబప్రార్థన.

ఆ దినమున ఐదు కిలోల పండుమిరపకాయలు తెచ్చితిమి. గుడ్డతో తుడిచి, తొడిమలు తీసి, ఉప్పును చింతపండును జేర్చి, రోట దంచి జాడీ కెత్తుసరికి ప్రొద్దు గ్రుంకెను. సబ్బుతో చేతులు కడిగికొని ప్రార్థనకు గూర్చుంటిమి. నడుము నొప్పి, అరచేతులు మంట, వంట ఇంకను కాలేదు. పెద్దది వాక్యము చదువుచుండగా నడిమివాడు చెల్లెలి కాలివ్రేళ్లను లెక్కపెట్టుచు నవ్వెను. ఒకమారు కనుసన్న చేసితిమి. రెండవమారు గద్దించితిమి. మూడవమారు వీపుపై నొక దెబ్బ వేసితిమి. వాడేడ్చెను. ఏడ్చు బిడ్డను జూచి మనసు కరగి, దగ్గరకు దీసికొని, ఆ చేతితోనే వాని కన్నులు తుడిచితిమి.

అంతట వాడు పెట్టిన కేక వీధి చివరకు వినబడెను. మా వారు చెంబుతో మంచినీళ్లు తెచ్చి, వాని తల ప్రక్కకు వంచి, చాలసేపు ధారగా బోసి కడిగిరి. గంటకు గాని కంటి యెఱుపు తగ్గలేదు. ఆ నాటి ప్రార్థన అంతటితో ముగిసెను.

ముందుగా మీ కొక్క మాట. మిరపకారమునకు మూలమైన పదార్థమునకు కాప్సైసిన్ అని పేరు. అది నీటిలో సరిగా కరగదు. నూనెలోను క్రొవ్వులోను కరగును. కావున వట్టినీళ్లతో నెంత కడిగినను ఆ మంట చేతిని విడువదు. మొదట వంటనూనె పట్టించి, వ్రేళ్ల సందులను గోళ్ల మొదళ్లను బాగుగ రుద్ది, పిమ్మట సబ్బుతో రెండు మూడు మారులు కడుగవలెను. పని మొదలుపెట్టకమున్నే చేతులకు నూనె రాచుకొనుట, లేదా రబ్బరు తొడుగులు వేసికొనుట ఇంకను మేలు. బిడ్డల కంటిలో బడినచో మాత్రము నూనెగాని పాలుగాని పోయరాదు. నలుపుకొననీయక శుభ్రమైన నీటితో కడుగుచుండవలెను. మంటయు ఎఱుపును తగ్గనిచో వైద్యునికి జూపవలెను.

చేతి కారమునకు మందు ఇది. ఆ రాత్రి పెద్దది మా ప్రక్కను బరుండి మెల్లగా నడిగిన మాటకు మందు వెంటనే దొరకలేదు.

“అమ్మా, పగలంతా బాగానే ఉంటావు. ప్రార్థనకు కూర్చున్నప్పుడే నీకు అంత కోపమెందుకొస్తుంది?”

మేము బదులు చెప్పలేకపోతిమి. అది నిజము. పగలెల్ల పొయ్యియొద్దను నూతియొద్దను పోగైన విసుగును కడిగికొనకయే మేము ప్రార్థనకు వచ్చుచుంటిమి. రేపు ఈ బిడ్డలు పెద్దవారైనపుడు, ప్రార్థన యనగానే వారికి దైవము గాక తల్లి గద్దింపు జ్ఞప్తికి వచ్చునేమో! ఆ భయముతో చాలసేపు నిదుర పట్టలేదు.

సాయంకాలపు ప్రార్థన మా సీమలో మా అవ్వల నాటి వాడుక. 1842లో హయ్యరు దొర గుంటూరునకు వచ్చి లూథరన్ మిషను పని మొదలుపెట్టెను. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరెను. 1876–78 నాటి కఱవు వెనువెంటనే, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కుమంది చదువునకు నోచుకోని దళితవాడల కష్టజీవులు. పగలెల్ల పొలముననుండు అట్టివారికి చీకటి పడిన పిమ్మటనే గదా తీరిక! నోటికి నేర్చిన నాలుగు మాటలు, ఒక కీర్తన. దినమెల్ల అలసిన ప్రాణమునకు అది విశ్రాంతి. ఆ విశ్రాంతిని మేము మా బిడ్డలకు పరీక్షగా జేసితిమి.

మాకు చదువు చెప్పినది మా నాయనగారు. ఇంటనే ఉదయమున బైబిలు, మధ్యాహ్నమున పోతన భాగవతము చదివించెడివారు. క్రైస్తవుల కేల భాగవతమని అడిగినవారికి, 1895లో వినుకొండలో జన్మించి తెలుగుపద్యమునకు వన్నె దెచ్చిన జాషువ కవిని జూపెడివారు. ఆ రాత్రి ఆ రెండు గ్రంథములును జ్ఞప్తికి వచ్చినవి. మార్కు సువార్తలో, చిన్నబిడ్డలను ప్రభువునొద్దకు దేగా శిష్యులు గద్దించిరి. ప్రభువు కోపించినది ఆ శిష్యులమీదనే. బిడ్డలనో ఎత్తి కౌగిలించుకొనెను. మేము ఇన్నాళ్లును ప్రభువు పక్షమున నున్నామనుకొని గద్దించువారి వరుసలో నిలిచియుంటిమి. భాగవతములోనో, యశోద కొడుకును రోటికి గట్టబోగా ఎన్ని త్రాళ్లు చేర్చినను రెండంగుళములు తక్కువయ్యెను. కడకు తల్లి అలసటను జూచి బిడ్డయే కట్టువడెను. ఆ కథకు పెద్దలు చెప్పు పరమార్థము వేఱు. మాకు దోచినది ఇంతే: మన బిడ్డలు కదలక కూర్చుండుట పెక్కుమారులు మన యలసటపై జాలిచేతనే. దానిని భక్తి యనుకొని మేము సంతసించుచుంటిమి.

మఱునాటి సాయంకాలము పొరుగు సోదరి యొకతె బిడ్డ నెత్తుకొని వచ్చెను. ఆమె తెల్లవారకమున్నే ఆటోలో మిరపకోతకు బోయి ప్రొద్దు వాలిన పిమ్మట ఇల్లు చేరును. నూనె సంగతి మాకు జెప్పినది ఆమెయే. రోజును కోత నుండి వచ్చి, నూనెతో చేతులు తోమి కడుగనిదే చంటిదానిని ముట్టదట. “మరి ప్రార్థన ఎప్పుడు చేసుకుంటావమ్మా?” యని యడిగితిమి. “మాకు కూర్చునే తీరికేదక్కయ్యా! పిల్లకు పాలిచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పుకుంటాను. నా సంగతి దేవుడికి తెలీదా?” యనెను.

ఆ నాటినుండి మా యింట వాడుక మార్చుకొంటిమి. ఇప్పుడు మొదట పిల్లలకు అన్నము పెట్టుదుము. ఆకలిగొన్న బిడ్డకు వాక్యము తలకెక్కదు. పిమ్మట ఒక కీర్తన, నాలుగు వాక్యముల పఠనము, ఒక్కొక్కరు తమ సొంతమాటలలో ఒక్క విన్నపము. చంటిది నడయాడినను అడ్డగింపము. మొన్న నడిమివాడు కుంటుచున్న ప్రక్కింటి కోడిపిల్లకై విన్నవించెను. పూర్వమైనచో నవ్వులాట యని కసరియుందుము. ఆ నాడు అందఱమును ఆమెన్ అంటిమి.

నడిమివానిని గూర్చుండబెట్టుకొని, “తప్పు నాదిరా నాన్నా, నన్ను క్షమించు” అనియు జెప్పితిమి. తల్లి బిడ్డను క్షమాపణ వేడుట చులకన యని కొందఱందురు. మాకట్లు తోపలేదు. వాడు చాలసేపు ఆలోచించి, “ఇప్పుడు నూనె రాసుకున్నావా?” యని మాత్రమడిగెను.

కోపము పూర్తిగా పోయినదని వ్రాసిన అబద్ధమగును. వారమున కొకనాడైనను గొంతు హెచ్చుచునే యున్నది. కాని ప్రార్థనకు ముందు వాడు మా యెదుట నిలిచి, “చేతులు చూపించమ్మా” యని యడుగును. అరచేతులు వాసన చూచి, సరే యని తల యూపిన పిమ్మటనే కూర్చుండును. మేమును ఆ రెండు నిమిషములలో మనసు నొకమారు తడవి చూచుకొందుము.