ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమమునకు లక్ష్యమేది?

ఆరోగ్యమే మహాభాగ్యమని తెలుగువారును, తందురుస్తీ హజార్ నేమత్ అని ఉర్దూవారును తరతరాలుగా చెప్పుకొనుచునే యున్నారు. నేడు కార్యాలయములు, కర్మాగారములు కూడ ఈ మాటను గోడలమీద వ్రాయించుచున్నవి. ఏడాదికొక వైద్య శిబిరము, జూన్ 21 నాడు యోగాసనములు, ఒకటి రెండు ఉపన్యాసములు, పిదప ఒక ఛాయాచిత్రము. ఇంతటితో ఉద్యోగుల సంక్షేమము నెరవేరినట్లు నివేదిక తయారగుచున్నది. శిబిరములను మేము నిరసించుట లేదు. ఆ నివేదికలో ఇంతమంది హాజరైరను అంకె తప్ప మరొక లక్ష్యము కానరాకపోవుటయే మా ఆక్షేపణ.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 2016లో సుమారు 5,000 మంది ఉద్యోగులను చీట్లు తీసినట్లుగా రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు మాత్రమే ఆరోగ్య కార్యక్రమమును అందించిరి. కార్యక్రమమునకు వచ్చినవారిని రానివారితో పోల్చగా వచ్చినవారి ఆరోగ్యమే మెరుగు. అయితే వారు రాకపూర్వమే మెరుగుగా నుండిరి! వర్గమును వర్గముతో పోల్చగా వైద్యవ్యయమునందు గాని, సెలవులయందు గాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అనగా హాజరు పట్టిక చూపునది కార్యక్రమము చేసిన మేలు కాదు, ఆరోగ్యవంతులే ముందుగా వచ్చి వరుసలో నిలిచిరని మాత్రమే.

ఇంతకంటె పాతదైన పరిశీలన మాకు మరింత ప్రియమైనది. లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో కూర్చుండి పనిచేయు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచుండు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని డాక్టర్ జెర్రీ మారిస్ బృందము 1953లో ప్రకటించినది. ఒకే సంస్థ, ఒకే బస్సు, పని మాత్రము వేరు. వారు అంతటితో తృప్తిపడలేదు. ఉద్యోగుల యూనిఫారముల నడుము కొలతలు తెప్పించి చూడగా, పిన్నవయస్కులైన డ్రైవర్లు సైతము కండక్టర్లకంటె స్థూలకాయులని 1956లో తేలినది. పని ప్రభావమెంతో, మనిషి వెంట తెచ్చుకొన్నదెంతో విడదీయవలెనన్నచో మొదటిరోజు లెక్క చేతిలో నుండక తప్పదు.

మన తెలుగు రాష్ట్రముల బస్సులనే తీసికొందము. డ్రైవర్లలో ఆరోగ్యస్పృహ పెంపొందించుట అనునది లక్ష్యము కాదు, శుభాకాంక్ష. మార్చి నెలాఖరులోగా డిపోలోని ప్రతి డ్రైవరుకు, ప్రతి కండక్టరుకు రక్తపోటు, చక్కెర, కంటిచూపు పరీక్షలు జరుగవలెను. రక్తపోటు ఉన్నట్లు తేలిన పదిమందిలో ఎనిమిదిమందికైనను ఏడాదిలోగా అది అదుపులోనికి రావలెను. ఇది లక్ష్యము. దీనికి గడువున్నది, అంకె యున్నది, ఏమైనదని నిలదీసి అడుగుటకు వీలున్నది. ఎనిమిది అను సంఖ్య మేము ఉదాహరణకు చెప్పినది. ఒక్కొక్క డిపో తన తొలిలెక్క చూచుకొని ఆరో, ఏడో పెట్టుకొనవచ్చును.

ఇందొక చిక్కు గలదు. చూపు తగ్గినదని, చక్కెర పెరిగినదని తేలినచో స్టీరింగు చేజారునని భయపడువాడు పరీక్షకు మనస్ఫూర్తిగా రాడు. ప్రయాణికుల ప్రాణములు అతని చేతిలో నుండగా, తగనివానిని బండి నడుపనీయుడని మేమనము. కాని నడుపలేనివానికి అదే జీతముపై మరొక పని చూపెదమను హామీ ముందుగానే వ్రాతమూలకముగా నుండవలెను. ప్రభుత్వ సంస్థలలో ఉద్యోగకాలమున వైకల్యము పొందినవారికి 1995 నాటి చట్టమును, పిదప 2016 నాటి చట్టమును ఇట్టి రక్షణ కల్పించినవి. వైకల్యమనదగని జబ్బుల విషయమున ఆ అభయము సంస్థయే ఈయవలెను. బండి నడుపుటకు తగునా తగడా అను ఒక్క మాట తప్ప, తక్కిన వివరములు పై అధికారి బల్లమీదికి పోరాదు.

లక్ష్యములన్నియు ఉద్యోగి శరీరముమీదనే పెట్టుటయు న్యాయము కాదు. మరుగుదొడ్డి లేని చివరి స్టాపులకు పోవు స్త్రీ కండక్టరు దాహమైనను నీరు త్రాగక గడుపును. రోజుకు ఇన్ని గ్లాసుల నీరు త్రాగుడని ఆమెకు కరపత్రమిచ్చుట ఎట్టి సంక్షేమము? అక్కడ లక్ష్యము యాజమాన్యమునకు పెట్టవలెను: ఫలానా తేదీలోగా ఫలానా చోట్ల మంచినీరు, తలుపుకు గడియ ఉన్న మరుగుదొడ్డి, రాత్రి డ్యూటీ దిగినవారికి నిద్రకు చాలినంత వ్యవధి. లక్ష్యములు వ్రాయు సమితిలో ఆ కండక్టరును కూడ కూర్చుండబెట్టినచో ఈ సంగతులన్నియు మొదటి సమావేశముననే తెలియును.