‘జ్’ ఒకచోట, ‘ఞా’ ఒకచోట

2023 ఎండాకాలం. ఉప్పల్ రింగురోడ్డు మీద స్కైవాక్ పనులు చివరికొచ్చాయి, ఇంకా తెరవలేదు. నాచారంలో మా ఎదురింటి అబ్బాయి ఒక ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. వాళ్ల తాత ముప్ఫై ఏళ్లు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక రెండు లాంగ్ నోటుబుక్కుల నిండా తన కథ రాసుకున్నాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆ రాతంతా టైపు చేసి, చుట్టాలందరూ ఫోన్లో చదువుకునేలా ఒక వెబ్ పేజీ పెట్టాలని మనవడి కోరిక. టైపింగు అయిపోయింది. పత్రికల్లో కథ మొదటి అక్షరం పెద్దగా వేస్తారు కదా, అలాగే వేద్దామనుకున్నాడు. మొదటి మాట ‘జ్ఞాపకం’.

తెర మీద ఎర్రరంగులో ‘జ్’ ఒక్కటే పెద్దగా నిలబడింది. దాని పక్కన చిన్నగా ‘ఞాపకం’.

“అంకుల్, నేను రాసింది ఒక్క లైనే. మొదటి అక్షరం పెద్దది చెయ్యమన్నా, అంతే” అన్నాడు. వెనకాలే వచ్చిన నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. “తాత రాసిన అక్షరాన్ని గిట్ల ఇరగ్గొడ్తార్రా? ఒత్తు కిందికి పోవాలె గద” అంది.

ఆ రోజుకి వాడు ‘జ్ఞా’ను విడిగా చుట్టి, దానికొక్కదానికే సైజు పెంచి పని కానిచ్చాడు. సంవత్సరీకం జరిగిపోయింది. నాకు మాత్రం ఆ విరిగిన అక్షరం మనసులోంచి పోలేదు.

తప్పు ఎక్కడుందో కాస్త వివరంగా చెప్పాలి. మనకు ‘జ్ఞా’ ఒక అక్షరం. కంప్యూటరుకు నాలుగు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఫైల్లో అవి ఆ వరసలోనే ఉంటాయి. తెర మీద గీసేటప్పుడు ఆ వరస నిలవదు. చివరనున్న దీర్ఘం వెనక్కొచ్చి జకారానికి అతుక్కోవాలి, ఞ రూపం మార్చుకుని ఒత్తయి కిందికి దిగాలి. ‘స్త్రీ’కైతే ఆరు ముక్కలు. అన్నిటికంటే ఆఖర్న వచ్చే గుడిదీర్ఘం తకారాన్నీ రేఫనూ దాటుకుని సకారం నెత్తికెక్కాలి. ఈ పనంతా చేసి చూపించేది బ్రౌజరు ఇంజను. అడ్రసు పట్టీ, ట్యాబులు, బుక్‌మార్కులు పైకి కనిపించే బండి బాడీ లాంటివి. పేజీ కోడు చదివి, ఏ అక్షరం ఎక్కడ పడాలో లెక్కేసి, గీసి పెట్టేది ఇంజనే. మరి ‘మొదటి అక్షరం’ అంటే ఎంతవరకు? ఆ సంగతి ఇంజను సొంతంగా తేల్చదు. పాఠాన్ని ఎక్కడెక్కడ తెంచాలో యూనికోడ్ ప్రమాణంలో ఒక లెక్క ఉంది. అప్పటి లెక్క ప్రకారం తెలుగులో పొల్లు పడితే అక్కడికి ముక్క అయిపోయినట్టే. అందుకే ‘జ్’ ఒకచోట, ‘ఞా’ ఒకచోట.

ఈ అక్షరమే అంతకు ఐదేళ్ల ముందు ప్రపంచ వార్తల్లోకెక్కింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం వస్తే మెసేజి యాప్ కుప్పకూలుతోందని గగ్గోలు పుట్టింది. అది ‘జ్ఞా’యే. ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి చేరితే అక్షరాలు పేర్చే యాపిల్ వారి కోర్‌టెక్స్ట్ తట్టుకోలేకపోయింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లే కాదు, మ్యాక్ కంప్యూటర్లూ దెబ్బతిన్నాయి. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. వార్తల్లో అందరూ దాన్ని ‘తెలుగు బగ్’ అన్నారు. నాకది బాధ కలిగించింది, ఎందుకంటే తప్పు తెలుగుది కాదు. ఆ ముడి విప్పి రాసినవాడు మనీష్ గోరేగావ్‌కర్. మొజిల్లాలో సర్వో అనే బ్రౌజరు ఇంజను మీద పనిచేసేవాడు. బెంగాలీ, దేవనాగరిలో కూడా అలాంటి కొన్ని వరసలకు అదే గతి పడుతుందని అతను చూపించాడు. కోర్‌టెక్స్ట్ కోడు బయటివాళ్లకు కనపడదు కాబట్టి ఒక్కో వరసా పెట్టి, ఏది కూలుతుందో ఏది నిలుస్తుందో బయటినుంచి తట్టి చూసి చెప్పాల్సి వచ్చింది.

క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఉంది. దాని కోడు ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. పేరు ఫారసీది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. హర్ఫ్ అంటే ఏమిటో హబ్సిగూడలో ఉర్దూ వచ్చిన ఎవరినడిగినా చెబుతారు. దాన్ని ఏళ్ల తరబడి మోసుకొచ్చిన బెహదాద్ ఎస్ఫాబోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. కుడి నుంచి ఎడమకు రాసే తమ లిపి తెరమీద సరిగ్గా రావాలన్న పట్టుదల ఉన్నవాళ్లు కూర్చుని కట్టిన చోట తెలుగు ఒత్తులకూ జాగా దొరికింది.

ఇంజన్ల చరిత్ర కూడా ఇలాంటిదే. 1998లో నెట్‌స్కేప్ తన కోడును జనం ముందు పెట్టింది. ఫైర్‌ఫాక్స్‌లోని గెకో అక్కణ్ణుంచి వచ్చింది. కేడీఈ అనే లినక్స్ బృందం స్వచ్ఛందంగా రాసుకున్న కేహెచ్‌టీఎంఎల్‌ను యాపిల్ తీసుకుని వెబ్‌కిట్ చేసింది, 2003లో సఫారీని తెచ్చింది. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి వేరుపడి బ్లింక్ పెట్టుకుంది. మైక్రోసాఫ్ట్ తన సొంత ఇంజను పక్కనబెట్టి 2020 జనవరిలో ఎడ్జ్‌ను బ్లింక్ మీదికి మార్చింది. ఈరోజు ఉప్పల్‌లో ఎవరి చేతిలో ఏ ఫోనున్నా, దాదాపుగా గెకో, వెబ్‌కిట్, బ్లింక్ అనే ఈ మూడు ఇంజన్లలో ఒకటే వాళ్లకు తెలుగు చూపిస్తోంది. మూడింటి కోడూ బహిరంగమే. ఏం బాగుచెయ్యాలి, ముందు ఏది చెయ్యాలి అన్న చర్చా చాలావరకు బహిరంగమే. 2022 నుంచి ఇంటరాప్ పేరుతో యాపిల్, గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్ వగైరాలు ఏటా కూడబలుక్కుని, బయటివాళ్ల ప్రతిపాదనల్లోంచి కూడా కొన్ని ఎంచుకుని, ఇంజన్లన్నీ ఒకేలా నడిచేట్టు దిద్దుతున్నాయి. దానికి కొలబద్ద అందరూ కలిసి వాడే టెస్టులు. ఏ భాష నుంచి టెస్టు వస్తే ఆ భాష బాధ ఆ కొలబద్ద మీదికి ఎక్కుతుంది.

మనవాళ్లకు ఇది చేతకాని పనేమీ కాదు. యూనికోడ్ పూర్తిగా రాని రోజుల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు పెట్టుకునేవి. ఆ ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చి గీతలే. వెన్న నాగార్జున ‘పద్మ’ అనే పొడిగింతను ఫైర్‌ఫాక్స్‌కు రాసి, ఆ ఫాంట్లలోని రాతను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చదివించాడు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడానికి కారణమైనవాడూ ఆయనే. ఆ పద్మ కోడు ఆసరాతోనే వీవెన్ 2006లో తెలుగు టైపు చేసుకునే ‘లేఖిని’ చేశారు. నేను తెలుగులో మొదటి మెయిలు రాసింది లేఖినిలో టైపు చేసే. కోడు తెరిచి ఉండబట్టే ఒకరి పని మీద ఇంకొకరు నిలబడగలిగారు. ఆ మెయిలు అందుకున్న మా అన్నయ్య దాన్ని ప్రింటు తీసి దాచుకున్నాడు. ఆ సంతోషం నాకింకా గుర్తే.

ఆ తరం తర్వాత మనం ఎందుకు వెనకబడ్డామన్నదే నా బాధ.

స్పెయిన్ వాయవ్య మూలన గలీసియాలో ఆ కొరూన్యా అనే రేవు పట్టణం ఉంది. ఆ రాష్ట్రం మొత్తం జనాభా ముప్ఫై లక్షలు లేదు. అక్కడ 2001లో కొందరు ఇగాలియా అనే కంపెనీ పెట్టుకున్నారు. పనిచేసేవాళ్లే యజమానులు. వెబ్‌కిట్‌కూ బ్లింక్‌కూ కోడు రాసేవాళ్లలో వాళ్లు ముందు వరసలో ఉన్నారు. 2020లో మొజిల్లా సర్వో బృందాన్ని తీసేశాక, మూలన పడ్డ ఆ ఇంజనును 2023 నుంచి మళ్లీ లేపి నడిపిస్తున్నది వాళ్లే. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. ఉప్పల్‌లో సెజ్ ఉంది, పోచారంలో ఇన్ఫోసిస్ ఉంది, ఘట్‌కేసర్ దారి పొడుగునా ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఉద్యోగాలు తూర్పు వైపు కూడా రావాలని 2020లో ప్రభుత్వం గ్రిడ్ విధానం కూడా తెచ్చింది. పొద్దున తొమ్మిదింటికి ఉప్పల్ మెట్రో మెట్ల మీద నిలబడితే మెడలో ఐడీ కార్డుల వరద. అందులో ఒక్క పదిమంది ఈ ఇంజన్ల పని వైపు తిరిగితే చాలు.

వీలుకాదనే మాట నాకు తెలుసు. ఎదురింటి అబ్బాయీ అన్నాడు: రాత్రి అమెరికా వాళ్లతో కాల్స్, ఆఫీసు ఒప్పందంలో బయట కోడు రాయడానికి అనుమతి కావాలన్న షరతు, పైగా పెద్దపెద్ద ఇంజినీర్ల ముందు ఇంగ్లిషులో తప్పు మాట్లాడతామేమోనన్న జంకు. మొదటి రెండూ నిజమైన కష్టాలే, కొట్టిపారెయ్యను. మూడోది మాత్రం పోగొట్టుకోదగ్గది. బగ్ చెప్పడానికి వ్యాసం రాయక్కర్లేదు. ఏ బ్రౌజరు, ఏ వెర్షను, ఏ ఫాంటు, పది లైన్ల నమూనా పేజీ, ఎలా రావాలి, ఎలా వస్తోంది. అంతే. కాలేజీలనైతే నేను గట్టిగానే అడుగుతాను. ఆఖరి సంవత్సరం మేజర్ ప్రాజెక్టులు డబ్బిచ్చి కొనుక్కుంటున్న సంగతి అందరికీ తెలుసు. నలుగురు పిల్లలు కలిసి ఒక ఇంజనులో ఒక తెలుగు బగ్‌ను దొరకబట్టి, టెస్టు రాసి, రివ్యూలో వచ్చిన ప్రశ్నలకు జవాబిచ్చి చేర్పించగలిగితే దాన్నే ప్రాజెక్టుగా ఒప్పుకోండి. అక్కడ ఆ పిల్లల కోడు చదివేది ఆ పనిలో ఆరితేరినవాళ్లు. అలాంటి పాఠం ఏ ల్యాబులోనూ దొరకదు.

2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వచ్చింది. పొల్లు దగ్గర తెంచే ఆ పాత లెక్కను సవరించారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపుల్లో సంయుక్తాక్షరం ఇకనుంచి ఒకే ముక్క. మా పేజీ విరిగిన నాలుగు నెలలకే. చాలా సంతోషించాను. దానికోసం వాదించినవాళ్లకు దణ్ణం పెడతాను. ఆ చర్చ నడిచినన్నాళ్లూ నేనూ ఎదురింటి అబ్బాయీ ఇక్కడే ఉన్నాం, నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాం. కిందటి నెల వాడు ఒక టెస్టు పేజీ మొదలుపెట్టాడు. జ్ఞాపకం, స్త్రీ, వస్త్రాలు, లక్ష్మి లాంటి మాటల్ని అక్షరాల మధ్య ఎడం పెంచి, మొదటి అక్షరం పెద్దది చేసి, నిలువుగా పేర్చి, ఏ బ్రౌజరులో ఎలా వస్తున్నాయో ఫొటోలు తీస్తున్నాడు. నిలువు దగ్గర ఆగాడు. “ఎలా రావాలి అని అడిగితే ఏం చూపిస్తాం అంకుల్? పుస్తకంలో ఎక్కడా లేదు.”

ఉప్పల్‌లో ఫ్లెక్సీలు రాకముందు నుంచీ బోర్డులు రాస్తున్న పెయింటరు ఒకాయన నాకు తెలుసు. ఇద్దరం స్కూటరు మీద వెళ్లాం. బట్టల కొట్టు స్తంభం మీద ఆయన ఎప్పుడో రాసిన ‘వస్త్రాలు’ ఇంకా ఉంది, ఎండకు నీలం వెలిసిపోయి. పైన వ. దాని కింద స్త్రా. అడుగున లు. నడిమి గడిలో సకారానికి దీర్ఘం, కింద తవొత్తు, క్రారవడి, అన్నీ ఇరుక్కోకుండా కుదురుగా ఉన్నాయి. ఆ ఒక్క గడీ మిగతా రెండిటికంటే రెండు వేళ్లు పొడుగు. ఎందుకలా అని అబ్బాయి అడిగాడు.

“ఒత్తులన్నీ ఒక్క గడిలనే పెట్టాలె బిడ్డా, ఇడిస్తే సదవరాదు. రెండొత్తులకు జాగ ముందే ఇడిశిపెట్టుకోవాలె” అన్నాడాయన, చేతిలో బ్రష్షు లేకపోయినా గాల్లోనే గీసి చూపిస్తూ.

అబ్బాయి స్కేలు ఆనించి స్తంభానికి మూడు ఫొటోలు తీసుకున్నాడు.