తీర్పుల సూచికలో ముందు మనిషి పేరు

మా బార్ అసోసియేషన్ లైబ్రరీలో తీర్పుల సూచిక రాసే పని నాది. కేసు పిలవబోతున్నారని పరుగున వచ్చే జూనియర్ లాయర్లు 'కేశవానంద భారతి ఇవ్వండి' అంటారు గానీ, ఏఐఆర్ 1973 సుప్రీంకోర్టు 1461 అనరు. రికార్డులో మాత్రం ఆ పేరుకు ముందు 'హిజ్ హోలీనెస్' ఉంది. ఉన్నదున్నట్టు అకారాది క్రమంలో పెడితే స్వామీజీ 'హ'లో చేరతారు. గోప్యత హక్కును గెలిచిన పుట్టస్వామి (2017) రిటైర్డ్ జడ్జి కాబట్టి 'జస్టిస్' కింద 'జ'లోకి పోతారు.

అన్నిటికన్నా నన్ను బాధించేది 1976 నాటి ఎమర్జెన్సీ తీర్పు. విచారణ లేకుండా నిర్బంధానికి గురైన శివకాంత్ శుక్లా హైకోర్టు తలుపు తట్టారు. అక్కడ ఆయన మాటే నెగ్గింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లడంతో అప్పీలుదారు హోదాయే ముందుకొచ్చి, అది 'ఏడీఎం (అదనపు జిల్లా మేజిస్ట్రేట్) జబల్‌పూర్ కేసు' అయింది. జైల్లో మగ్గిన మనిషి పేరు వెనక్కి పోయి, ఒక అధికారి కుర్చీ పేరు చరిత్రలో నిలిచింది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

అందుకే నా సూచికలో బిరుదులు, పదవులు తీసేస్తాను. 'స్టేట్', 'యూనియన్' ఎటువైపు ఉన్నా ఎదుటి పక్షం పేరు మీదే ఎంట్రీ. గిరిజన భూముల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్న 1997 తీర్పు 'సమత' అని వెతికితే 'స'లో దొరకాలి.

తెలుగు పేర్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. చివరి మాటను ముందుకు తెచ్చే ఇంగ్లిష్ పద్ధతి మనకు పెడితే రావులు, రెడ్లు పేజీలకు పేజీలు పేరుకుపోతారు. మన ఇంటిపేరు ముందే ఉంది కదా! దాన్ని పొడి అక్షరంగా కుదించకుండా పూర్తిగా రాసి, అసలు పేరు దగ్గర 'ఫలానా చోట చూడండి' అని ఇంకో ఎంట్రీ వేస్తే చాలు. 2023లో సుప్రీంకోర్టు తెచ్చిన న్యూట్రల్ సైటేషన్ నంబర్లు మంచివే. కానీ జనం గుర్తుపెట్టుకునేది పేర్లను.

అత్యాచార కేసుల్లో మాత్రం బాధితురాలి పేరు ఎక్కడా కనిపించకూడదు. 1978 నాటి 'తుకారాం వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర' కేసును పాఠ్యపుస్తకాలు ఆ గిరిజన బాలిక పేరుతోనే పిలుస్తాయి. నా సూచికలో అది నిందితుడైన పోలీసు తుకారాం పేరు కిందే ఉంటుంది. ఆమె పేరు దగ్గర 'చూడండి' అన్న ఎంట్రీ కూడా వేయను.