తనిఖీకి సాయంత్రం ఏడింటికి రండి

మాకు దగ్గరలో ఉన్న ఓ ఆరోగ్య కేంద్రానికి రంగులు వేస్తున్నారంటే తనిఖీ వాళ్లు వస్తున్నారన్నమాట. పెళ్లిచూపులకి ఇల్లు సర్దినట్టే. సర్దడం తప్పనను, నేనూ సర్దేదాన్నే. కానీ ఈ పెళ్లిచూపులు ఎప్పుడూ పొద్దున్నే ఎందుకండీ?

2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ పెట్టినప్పుడు పట్టణ కేంద్రాల్లో సాయంత్రం పూట కూడా రోగుల్ని చూడాలన్నారు. కూలికి పోయినవాళ్లు ఇల్లు చేరేది అప్పుడే కదా. మన తగరపువలసలో పొద్దుగూకాక హైవే మీద బస్సులు దిగే ఆడవాళ్లని చూడండి. వాళ్లకి దొరికేది ఆ గంటా రెండు గంటలే. మొన్న మా వెనక వీధి అమ్మాయి పని నుంచి వచ్చి, జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఎత్తుకుని వెళ్తే డాక్టరు కుర్చీ ఖాళీ, మందుల కిటికీ మూత. "రేపు పొద్దున్న రా" అన్నారట. పొద్దున్న వెళ్తే ఆ రోజు కూలి ఎవరిస్తారు? మందుల షాపువాడు ఇచ్చిన సిరప్పేదో పోసింది. ఏం పోసిందో దానికీ తెలీదు.

ఎన్‌క్వాస్ అని జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. నూటికి 70 వస్తే ధ్రువపత్రం, మూడేళ్లు చెల్లుతుంది. రోగుల్ని అడిగి మార్కులు వేసే పద్ధతీ అందులో ఉంది. మంచిదే. ఏ రోగిని అడుగుతారు? పదకొండింటికి తీరిగ్గా వచ్చిన నాలాంటిదాన్ని. నేను బాగుందనే చెబుతాను, నన్ను బాగానే చూశారు మరి.

సాయంత్రం ఏడింటికి, చెప్పకుండా రండి. రిజిస్టర్లు తర్వాత చూద్దురుగాని, ముందు ఆ పిల్ల తల్లి వెనకాల వరసలో నిలబడండి.