పాలు, హాలు, ఒక పలక

గిన్నెలో పొంగుచున్న తెల్లని ద్రవపు బొమ్మను చూపి "ఇదేమి?" అని యడిగిన నిమేషములో ఒకటవ తరగతి బాలిక "పాలు" అనుచున్నది, మేష్ట్రుగారు నల్లబల్లమీద వ్రాసినది మాత్రము "హాలు". తెల్లవాఱగనే యింట త్రాగి వచ్చినదియు, బడిలో చదువవలసినదియు ఒక్క వస్తువే యైనను, పకారము హకారమైనంత మాత్రమున ఆ యాఱేండ్ల పిల్లకు తానెఱిగినది యేదో, ఎఱుగవలసినది యేదో తెలియక పలకమీదికి తల వంచుకొనును. తుమకూరు జిల్లా పావగడ తాలూకా పల్లెబడులలో, ఇంట తెలుగు మాటాడి బడిలో కన్నడము నేర్చు పిల్లల మొదటి సంవత్సరమంతయు ఇట్టి చిన్న చిన్న తడబాటులతోనే గడచుచుండును. ప్రాథమికోపాధ్యాయులకు అంతర్జాలమున దొరకు సాధనములనుగూర్చి నేడు చర్చ విరివిగా సాగుచున్నది గనుక, ఆ సాధనములు ఈ తడబాటును తీర్చుటకు ఎంతవఱకు అక్కఱకు వచ్చునో విచారించుట అప్రస్తుతము కాదు.

పావగడ ఉనికియే విలక్షణమైనది. కర్ణాటకపు తాలూకాయే యైనను, ఇంచుమించుగ అన్ని దిక్కులను ఆంధ్రప్రదేశపు నేలచే చుట్టబడి, పడమట చళ్ళకెరె వైపున మాత్రమే స్వరాష్ట్రము నంటియున్న యీ సీమకు, తుమకూరునుండి మధుగిరి మీదుగ వచ్చు బస్సు సైతము నడుమ కొంతదూరము పరరాష్ట్రమున పోయి, మఱల స్వరాష్ట్రమున ప్రవేశింపవలసియుండును. వేరుసెనగ చేలగట్లమీదను, వై.ఎన్. హొసకోట మగ్గముల యొద్దను, శనిమహాత్ముని గుడి ముంగిటను చెవిని బడు తెలుగు, 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు గీతకు ఆవల వదలివేయబడినది కాదు. మైసూరు సంస్థాన కాలమునాటి హద్దే యిచ్చట నిలిచెను, దానితోపాటు ఈ భాషయు నిలిచెను. దీనికి ప్రతిబింబమా యనునట్లు, ప్రక్కనున్న మడకశిర ప్రాంతమున ఇంట కన్నడము మాటాడు పిల్లలుండగా, వారికొఱకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కన్నడ మాధ్యమపు బడులను నడుపుచు, కన్నడ పాఠ్యపుస్తకములను అచ్చొత్తించుచున్నది. ఈ రెండు సీమల పంతుళ్ళు ఏడాదికొక పర్యాయము ఒక చింతచెట్టు క్రింద కూర్చుండి పుస్తకములు మార్చుకొనినయెడల, పెక్కు శిక్షణ తరగతులు చేయలేని పని ఒక పూటలో నెఱవేఱునని నాకు తోచుచుండును.

అంతర్జాల సాధనములలో మొదట పేర్కొనవలసినది ‘దీక్ష’. 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ప్రారంభించిన యీ జాతీయ వేదిక, పాఠ్యపుస్తకపు పుటలలో ముద్రితమైన క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేసినంతనే, ఆ పాఠమునకు తగిన వీడియోనో అభ్యాసపత్రమునో తెఱచి చూపును. కాని దీని కూర్పు రాష్ట్రముల వారీగ జరిగినది. కర్ణాటక పుస్తకపు కోడు కన్నడ పాఠమునకు, ఆంధ్రప్రదేశ పుస్తకపు కోడు తెలుగు పాఠమునకు దారి చూపునేగాని, కన్నడ పుస్తకము చేతబట్టుకొని తెలుగు నోటితో కూర్చున్న బాలుడొకడుండునని ఆ యేర్పాటు చేసినవారికి తోచలేదు. అట్లని దారి మూసియున్నదా యనగా, లేదు. వేదికలో రాష్ట్రమును, మాధ్యమమును మార్చి ఎంచుకొనుట ఎవరికైనను సాధ్యమే. ఆంధ్రప్రదేశపు ఒకటి, రెండు తరగతుల తెలుగు పాఠములను పావగడ ఉపాధ్యాయిని తన ఫోనులోనే తెఱచుకొనవచ్చును. అయితే ఆ వీడియోను ముప్పదిమంది పిల్లలకు ఆఱంగుళముల తెరమీద చూపుట వ్యర్థప్రయాస. రాత్రి తాను చూచి, అందలి ఆటనో పాటనో కథనో గ్రహించి, ఉదయము ఫోనును సంచిలో నుంచి, స్వయముగ తరగతిలో ఆడి చూపిన పంతులమ్మయే ఆ సాధనమును ఉపయోగించుకొన్నది యని నా నిశ్చయము. తెరకు జవాబు చెప్పు పిల్లవాడు నాకింతవఱకు కానరాలేదు.

ఆ మాటకువచ్చిన, సరిహద్దు దాటి వచ్చిన సాధనములలో కెల్ల గొప్పది అంతర్జాలముమీద వచ్చినది కానే కాదు. నేడు కర్ణాటక ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి మూడు తరగతుల వఱకు నడచు ‘నలి-కలి’ పద్ధతికి బీజము తెలుగుసీమలోనే పడినది. మదనపల్లె చెంత జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ పాఠశాలలో, పద్మనాభరావు, రమా రావు దంపతులు చుట్టుప్రక్కల పల్లెపిల్లల కొఱకు, తెలుగులో, పాఠములను చిన్న చిన్న అట్టలుగ విడదీసి, వానిని నిచ్చెన మెట్లవలె అమర్చి, ఏ బిడ్డకు ఆ బిడ్డ తన యడుగుతో ఎక్కునట్లు ఒక యేర్పాటును రూపొందించిరి. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు కొందఱు అచ్చటికి పోయి, కన్నులార చూచి వచ్చి, 1995లో యూనిసెఫ్ సాయముతో దానిని కన్నడమున తమ చేతులతో తిరిగి వ్రాసికొనిరి. 2009-10లో అది రాష్ట్రమంతట వ్యాపించెను. తమిళనాడు సైతము తన కార్యాచరణ పద్ధతికి రిషీవ్యాలీనుండియే ప్రేరణము పొందినది. ఒకే గదిలో మూడు తరగతులు కూర్చుండు పల్లెబడికి దీనికంటె అనువైన యుపాయము మఱియొకటి లేదు: ఒక గుంపునకు మేష్ట్రు పూర్ణముగ తోడుండును, ఒక గుంపునకు కొంత తోడుండును, ఒక గుంపునకు పిల్లలే పిల్లలకు తోడగుదురు, కడపటి గుంపు తనకు తానే నేర్చుకొనును. గోడకు అడుగున, పిల్లల చేతికందు ఎత్తున నల్లబల్ల. తలపైన త్రాళ్ళకు వ్రేలాడు వారి బొమ్మలు, కాగితపు పూవులు. ఆ త్రాళ్ళకు కన్నడమున ‘చప్పర’ యని పేరు. మన పెండ్లి చప్పరమే యది.

నలి-కలిలో అక్షరములు ‘అ, ఆ’ల వరుసతో మొదలుకావు. ర, గ, స, ద, అ అను నైదక్షరములు మొదట వచ్చును. వానితో కూర్చిన ‘గరగస’, ‘సర’, ‘అరస’ అను మాటలు వెంట వచ్చును. కన్నడ బిడ్డ ఈ మాటలను ఇదివఱకే విని యుండును గనుక, అక్షరముల గుర్తులను మాత్రమే నేర్చుకొనిన చాలును. తెలుగు బిడ్డకు ‘సర’మొక్కటి తెలియును, ‘గరగస’ యనగా వడ్రంగి ఱంపమనియు, ‘అరస’ యనగా రాజనియు ఎవరో యొకరు చెప్పవలెను. చెప్పనియెడల గుర్తును, మాటను, వస్తువును మూటిని ఒక్కసారి మోయవలసివచ్చి, ఆ బిడ్డ వెనుకబడును. వెనుకబడినందున మందమతి యను ముద్ర పడును. ఇక్కడ కావలసిన సాధనము ఎంతయో సులభము. ఆ యైదు అట్టలనే తిరుగవేసి, "మీ యింటి మాట యొకటి చేయుడు" అని చూడుడు. ఆంజనేయుని చేతి ‘గద’ వచ్చును; గోడలోని ‘అర’ వచ్చును; ఎండలో నడిచి వచ్చిన వాని ‘దగ’ వచ్చును. తెలుగు కన్నడములకు సుమారు 13వ శతాబ్దము వఱకు లిపి యొక్కటే గనుక, ఈ యక్షరములు రెండింటను ఇంచుమించుగ నొక్క రూపముననే యుండును. తలకట్టు తీరు మాఱినదనుట తప్ప భయపడవలసినది లేదు.

అక్షరములకంటె సరసమైనది ధ్వనుల సంగతి. పాత కన్నడములోని మాట మొదటి పకారము కాలక్రమమున హకారమైపోయినది. ‘పంప’ ‘హంపె’ యైనది అట్లే. పాలు-హాలు, పాము-హావు, పువ్వు-హూవు, పులి-హులి, పంది-హంది, పగలు-హగలు, పండు-హణ్ణు అని యేడు జంటలను నల్లబల్లమీద వ్రాసి యూరకున్నచో, ఎనిమిదవ జంటను తరగతియే చెప్పును. ఒక పిల్లవాడు "పల్లు?" అనును, మఱియొకడు "హల్లు!" అనును; పేను-హేను వచ్చుసరికి ఆ నవ్వు ఆపుట ఎవరి తరము కాదు. మఱియొక దినమున తెలుగు చకారమును పట్టుకొనవలెను: చెవి-కివి, చెయ్యి-కై, చెఱువు-కెరె. భాషాశాస్త్రవేత్తలు గ్రంథములలో చర్చించు సూత్రమును ఒకటవ తరగతి పిల్లలు పదినిమిషములలో తామే కనిపెట్టుదురు. అంకెలును అంతే, ఐదు, ఆరు రెండు భాషలకు నుమ్మడి సొత్తు, మూడు-మూరు, నాలుగు-నాల్కు చుట్టములు, పది-హత్తు, పదమూడు-హదిమూరు, పన్నెండు-హన్నెరడు పై సూత్రమునకే లోబడినవి.

చదువుటకు కథలు కావలెనన్న, బెంగుళూరులోని ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న తెఱచిన ‘స్టోరీవీవర్’ ఇట్టి సీమకొఱకే పుట్టినదా యనిపించును. ఒకే బొమ్మలతో, ఒకే కథ తెలుగునను కన్నడమునను ఉచితముగ దొరకును. దించుకొనవచ్చును, అచ్చొత్తుకొనవచ్చును, లేనిదానిని తామే యనువదించి చేర్చవచ్చును. రెండు భాషల ప్రతులను తెచ్చి, ఎడమప్రక్క తెలుగు, కుడిప్రక్క కన్నడము వచ్చునట్లు కుట్టిన ఎనిమిదిపుటల పుస్తకములు ఒక పది యున్నచో, అది యొక బడికి ఏడాది గ్రంథాలయము. ఈ పిల్లల తెలుగు పుస్తకపు తెలుగు కాదనుమాట మాత్రము మఱువరాదు. కన్నడపు మాటలు కలసిన ఆ పలుకునకు తగినట్లు పంతులమ్మ కథలో ఒకటి రెండు మాటలు మార్చి చెప్పిన దోషము లేదు. దీనికి భిన్నముగ, బిడ్డ గట్టిగ చదువుచుండగా విని తప్పు దిద్దు గూగుల్ వారి ‘రీడ్ అలాంగ్’ 2020 మే నెలలో లోకమునకు విడుదలైనపుడు దాని తొమ్మిది భాషలలో తెలుగుండెను, కన్నడము లేకుండెను. బడి భాష లేకుండ, ఇంటి భాష మాత్రమే యున్న సాధనము పావగడకు ఒక్కసారియైనను లభించినదిగదా యని నవ్వుకొంటిని.

గణితమునకు అంతర్జాలముతో పని తక్కువ. వామనగుంటల పీట యీ సీమలో ఇంకను అటకలమీద నున్నది. కన్నడమున దానిని ‘అళగుళి మణె’ యందురు. ప్రక్కకు ఏడేసి గుంటలలో చింతగింజలు పంచుచు పోవు బాలిక, తనకు తెలియకయే కూడికను, భాగహారమును, ముందుచూపును నేర్చుకొనుచున్నది. పారవేసిన వస్తువులతో బొమ్మలు చేయించు అరవింద్ గుప్తా జాలస్థలము ఇందుకు చక్కని తోడు. అగ్గిపుల్లలను, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలను కలిపి త్రిభుజము ఏల కదలదో, చతురస్రము ఏల ఒరిగిపోవునో చూపు ఆయన పాఠమునకు ఖర్చు రూపాయలలో లెక్కింప నక్కఱలేదు. ఇక పెద్ద తరగతులకు, తిరుమణి చుట్టునున్న ఐదూళ్ళలో 13,000 ఎకరములు పఱచుకొని 2,050 మెగావాట్ల విద్యుత్తు నుత్పత్తి చేయు సౌరక్షేత్రమే యొక లెక్కల పుస్తకము. మొదట ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు కౌలు, రెండేండ్లకొకసారి నూటికైదు పెంపు. మూడెకరములిచ్చిన యింటికి మొదటి యేడు 63,000, మూడవ యేడు 66,150. ఈ లెక్కలో తప్పు వచ్చినయెడల దిద్దుటకు ఇంట తాతగారున్నారు. పాఠ్యపుస్తకములోని ఆపిల్‌పండ్ల లెక్కకు ఆ భాగ్యము లేదు.

చట్టము మాటయు కొంత చెప్పవలెను. ఒక తరగతిలో పదిమందియో, బడి మొత్తమున నలువదిమందియో యున్నచో వారి మాతృభాషలో చదువు చెప్పవలెనని 1949లోనే విద్యామంత్రుల సభ తీర్మానించినది. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము ఆ భావమునే బలపఱచినది. 2014 మే 6న సర్వోన్నత న్యాయస్థానము మాతృభాష యేదో నిర్ణయించు హక్కు తలిదండ్రులదే యని తీర్పు చెప్పి, మాధ్యమమును రాష్ట్రము బలవంతపెట్టరాదన్నది. అయినను పావగడ తలిదండ్రులు బిడ్డలకు తెలుగు మాధ్యమము కావలెనని కోరుటలేదు. కొలువులును, కచ్చేరియు, కళాశాలయు కన్నడమునో ఆంగ్లమునో యుండగా కోరవలెననుటయు న్యాయము కాదు. కనుక ఇచ్చట వివాదము మాధ్యమమునుగూర్చి కాదు. కన్నడమునకు పోవు బాట తెలుగు మీదుగ పోవచ్చునా యనునదియే ప్రశ్న. 2022 అక్టోబరులో వెలువడిన పునాదిదశ జాతీయ పాఠ్యప్రణాళిక పోవచ్చుననియే చెప్పుచున్నది. అంతకు నూఱేండ్లకు మునుపే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని పట్టుపట్టి, ఆ భాష నేర్చి, దానిలో వాచకములు వ్రాసెను. వ్యావహారికమునకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గ్రాంథికమున స్మరించుచున్నందుకు పాఠకులు నన్ను మన్నింతురుగాక, అలవాటు పోదు.

అంతర్జాల సాధనములను నమ్ముకొనుటలో ఒక హెచ్చరికయు కలదు. 2020లో కరోనా వలన బడులు మూతపడినపుడు కర్ణాటక ప్రభుత్వము ఆగస్టున ‘విద్యాగమ’మును ప్రారంభింపగా, ఫోను లేని యిండ్ల పిల్లలకొఱకు మేష్ట్రులు గుడి అరుగులమీదను చెట్ల నీడలను కూర్చుండి చదువు చెప్పిరి. అక్టోబరులో అది ఆగిపోయెనుగాని, ఫోనుమీద పంపిన పాఠము ఎవరికి చేరుచున్నదో, ఎవరికి చేరుటలేదో ఆ అరుగులమీద స్పష్టముగ కనబడెను.

క్లస్టరు రిసోర్స్ పర్సన్ (సి.ఆర్.పి.) పిలిచిన క్లస్టరు సమావేశములో, సర్క్యులర్లు చదువుట ముగిసిన పిమ్మట, ఒక నోటుబుక్కు తెఱచి, తమ తమ బడులలో పిల్లలు తికమకపడిన మాటలను పంతుళ్ళు తలకొక పంక్తి వ్రాసినచో, ఏడాది తిరుగుసరికి ఏ జాలస్థలమునను దొరకని నిఘంటువు పావగడకు లభించును. దాని మొదటి పుటకు తగిన మాట నా యొద్ద నొకటి యున్నది. కన్నడమున ‘ఏళు’ అనగా సప్తసంఖ్య, ‘లెమ్ము’ అనియు నర్థము. తెలుగున ‘ఏడు’ అనగా ఆ సంఖ్యయే, ‘ఏడువు’మనియు నర్థము. మేష్ట్రు "ఏళు" అన్నపుడు లేచి నిలువవలసిన బాలుడు వ్రేళ్ళు ముడుచుచు ఏడు వఱకు లెక్కించి, చాలునా అని తలయెత్తి చూచెను.