ఖరగ్‌పూర్ మునక: దోషులు ముగ్గురు

బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఝార్ఖండ్ వైపు నింపాదిగా కదిలిందంటే పశ్చిమ బెంగాల్‌లోని మెదినీపూర్ జిల్లాల్ని మూడు నాలుగు రోజులు ముసురు వదలదు. ఇది కొత్త సంగతి కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏటా జరిగేదే. అయినా ప్రతిసారీ ఖరగ్‌పూర్ పల్లపు పేటల్లో నీళ్ళు నిలుస్తాయి, ఒకటి రెండు రోజులు పడవ కావాలన్నంతగా ఫొటోలు వస్తాయి, టార్పాలిన్లు పంచుతారు, ‘అసాధారణ వర్షపాతం’ అని ఒక ప్రకటన వెలువడుతుంది. ముందే తెలిసిన వానకు ఊరు మునిగితే దాన్ని ప్రకృతి వైపరీత్యం అనడం బుకాయింపు. ఈ మునకకు బాధ్యులున్నారు. రైల్వే, పురపాలక సంఘం, రాష్ట్ర ప్రభుత్వం. వీరిలో మొదటి దోషి రైల్వే.

ఖరగ్‌పూర్ ఉన్న జిల్లాలోనే ఉన్న ఘాటాల్ మునిగితే అర్థం చేసుకోవచ్చు. శిలావతి ఒడ్డున పళ్ళెంలా పల్లపు నేల అది. 2021 సెప్టెంబరులో కెలెఘాయ్ కట్ట తెగి పటాష్‌పూర్, భగవాన్‌పూర్ వైపు ఊళ్ళు నీళ్ళలో ఉండిపోయాయంటే అది నది చేసిన పని. ఖరగ్‌పూర్‌కు ఆ సాకు లేదు. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి తూర్పు అంచున, ఎర్రమట్టి మెరక మీద వెలసిన ఊరు. కాసాయి నది ఉత్తరాన, మెదినీపూర్ పట్టణం పక్కన పారుతుంది. అది పొంగి వచ్చి ఇందా, ఖరీదా పేటలను ముంచడం లేదు. ఇక్కడ నిలిచేది ఆకాశం నుంచి పడి, పోయే దారి లేక ఆగిపోయిన నీరు.

దారి ఎవరు మూశారన్నదే ప్రశ్న. పటం ముందు పెట్టుకుంటే సగం జవాబు అందులోనే ఉంది. 1898-1900 ప్రాంతంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) ఇక్కడ జంక్షన్ కట్టింది. తూర్పున హౌరాకు, పడమర టాటానగర్‌కు, దక్షిణాన బాలాసోర్‌కు, ఉత్తరాన మెదినీపూర్ మీదుగా ఆద్రాకు లైన్లు పోయాయి. అంటే నాలుగు దిక్కులా మట్టికట్టలు. వాటి నడుమ నిమ్‌పూరా యార్డు, వర్క్‌షాపు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని పేరుపడ్డ 1072 మీటర్ల ప్లాట్‌ఫారం. తరవాత జాతీయ రహదారులు వచ్చి మరో రెండు కట్టలు వేశాయి. ఇన్ని కట్టల మధ్య చిక్కిన ఊళ్ళో వాననీరు ఒకవైపు నుంచి మరోవైపుకు పోవాలంటే కట్ట కింది తూములే గతి.

ఆ తూముల్లో ఒకదాని దగ్గరికి వెళ్ళి వంగి చూడండి. సగం ఎత్తు దాకా నల్లని పూడిక. దానిమీద థర్మోకోల్ ప్లేట్లు, గుట్కా పొట్లాలు, పందిరి విప్పాక పారేసిన వెదురు ముక్కలు. వానలకు ముందు కూలీలు వచ్చి పూడిక తీస్తారు, కాదనం. తీసినదాన్ని కాలువ అంచునే కుప్ప పోస్తారు. ఎత్తుకుపోవడానికి బండి రావాలి, అది మరో పని, మరో కాంట్రాక్టు. తొలకరి రెండు జల్లులకే ఆ కుప్ప జారి మళ్ళీ కాలువలో పడుతుంది. బిల్లు మాత్రం పాసవుతుంది.

‘మోకాటి లోతు నీరు’ అని రాసేస్తే పేపర్లో రెండు మాటలు. ఇంట్లో అది వేరు. మరుగుదొడ్డి గుంట పైకి తన్ని, ఆ నీరూ వంటగదిలో నీరూ ఒకటవుతాయి. బియ్యం డబ్బా అటకెక్కుతుంది, గ్యాస్ పొయ్యి మంచం ఎక్కుతుంది, మీటరు తడుస్తుందని కరెంటు తీసేస్తారు. నైట్ డ్యూటీ ఉన్న మనిషి ప్యాంటు భుజాన వేసుకుని మెరక దాకా నడిచి అక్కడ తొడుక్కుంటాడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి బీఎన్నార్ కాలంలో వర్క్‌షాపు పనికి వచ్చి మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉండిపోయిన మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది ఏటేటా తప్పని తంతు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, పక్కనే బస్తీలో రెండు గదులు వేసుకున్నవాళ్ళ పాట్లు ఇంకా ఎక్కువ. ఆ నేల రైల్వేది, ఓటు మునిసిపాలిటీది.

ఫిర్యాదు చేయబోతే మొదలవుతుంది అసలు వినోదం. కౌన్సిలర్ దగ్గరికి వెళితే ‘రైల్వే భూమి, మేం పార పెట్టకూడదు, పర్మిషన్ ఇవ్వరు’ అంటారు. రైల్వే పనులు చూసే ఐఓడబ్ల్యూ ఆఫీసుకి వెళితే ‘ఇది మా క్వార్టర్ల నీరు కాదు, ఊరి మురుగు మా మీదికి వదులుతున్నారు’ అంటారు. విచిత్రమేమంటే రెండూ నిజమే. రైల్వే ప్రాంతాన్ని పురపాలక వార్డుల్లో కలిపారు, అక్కడ ఎన్నికలు జరుగుతాయి, కౌన్సిలర్లు గెలుస్తారు. కాలువ మీద అధికారం మాత్రం వాళ్ళకు రాదు.

రైల్వేను మొదటి దోషిగా నిలబెట్టడానికి కారణం ఉంది. 1989 రైల్వే చట్టం 16వ సెక్షన్ చదవండి. లైను వేయక ముందు చుట్టుపక్కల నేలల నుంచి నీరు ఎంత ధారాళంగా పోయేదో, వేశాక కూడా అంతే ధారాళంగా, లేదా వీలైనంత దగ్గరగా పోయేలా తూములు, కాలువలు కట్టి, వాటిని నిర్వహించాల్సింది రైల్వే యంత్రాంగమే. 1890 నాటి పాత చట్టంలోనూ ఈ మాటే ఉంది. అంటే ఖరగ్‌పూర్‌కు రైలు రాకముందే ఈ బాధ్యత పుట్టింది. లైను తెరిచిన పదేళ్ళ తరవాత కొత్త తూములు కట్టమని రైల్వేను బలవంతపెట్టలేరన్న మినహాయింపు చట్టంలో ఉన్నమాట నిజం. కట్టినవాటిని పూడిపోనివ్వకుండా చూసుకునే బాధ్యతకు ఆ మినహాయింపు వర్తించదు. ప్లాట్‌ఫారం పొడవు గురించి ఇన్నేళ్ళు గొప్పగా చెప్పుకున్న సంస్థ, ఖరగ్‌పూర్‌లో కట్టల కింద ఎన్ని తూములున్నాయో, ఏది ఎప్పుడు శుభ్రం చేశారో ఊరికి చెప్పడానికి ఎందుకు మొహమాటపడుతోంది?

తూముల కొలతలు సరిపోతాయా లేదా అని తేల్చే అధికారాన్ని అదే 16వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పక్కనే ఉన్న 17వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం గానీ స్థానిక సంస్థ గానీ తమ ఖర్చుతో లైను కింద అదనపు పని అడిగి, రైల్వే అంగీకారంతో చేయించుకోవచ్చు. కోల్‌కతాలో కూర్చున్నవారు ఈ రెండు సెక్షన్లనూ చేతపట్టి గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం తలుపు తట్టి ఉంటే మేము ఈ సంపాదకీయం ఇంకోలా రాసేవాళ్ళం. వరద నివారణకు ఉద్దేశించిన ఘాటాల్ మాస్టర్ ప్లాన్‌కు 2025 బడ్జెట్లో 500 కోట్లు కేటాయించిన రాష్ట్రం, దశాబ్దాల ఆలస్యం తరవాతే అయినా, అక్కడ మంచి పనే మొదలుపెట్టింది. అదే జిల్లాలో ఉన్న ఖరగ్‌పూర్ మురుగునీటి పారుదలకు ఆ శ్రద్ధ దక్కలేదు.

ఇక పురపాలక సంఘం. రైల్వేను చూపించి తప్పుకునే హక్కు దానికి లేదు, ఎందుకంటే తన చేతిలో ఉన్న పనే అది చేయలేదు. పశ్చిమ బెంగాల్ ఇన్‌ల్యాండ్ ఫిషరీస్ చట్టం ప్రకారం అయిదు కాఠాలు, ఆపైన విస్తీర్ణం ఉన్న చెరువును పూడ్చడం నేరం. వానను రెండు మూడు రోజులు పట్టి ఉంచేవి ఆ చెరువులే. అవి పూడి ఫ్లాట్లు లేస్తుంటే ప్లాన్ మంజూరు చేసినది ఏ ఆఫీసు? చెరువుల సంగతి తెలుగువాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచాక గానీ అక్కడి ఆక్రమణలు ఎవరి కంటా పడలేదు. డబ్బు లేదన్నది పురపాలక సంఘం రెండో సాకు. కేంద్రం ఆస్తి మీద పన్ను వేయకూడదని రాజ్యాంగం 285వ అధికరణ అంటుంది, నిజమే. కానీ రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు తేలిన లెక్క ప్రకారం, అందించే సేవలను బట్టి ఆస్తి పన్నులో 75 శాతం దాకా సేవా రుసుముగా రాబట్టుకోవచ్చు. సేవ చేసి బిల్లు పంపండి, అప్పుడు వింటాం మీ గోడు.

రాజకీయం సంగతి నాలుగు మాటల్లో తేల్చేయవచ్చు. 2021లో ఇక్కడ శాసనసభ సీటు బీజేపీ గెలిచింది, 2022లో పురపాలక సంఘం తృణమూల్ చేతికి వచ్చింది. కాలువ పొంగిన రోజున ఒకరు మునిసిపాలిటీని, ఇంకొకరు రైల్వేను తిట్టడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పేరే చెప్పారు. సంతోషించాం. ఆ హోదా వచ్చాక నీళ్ళు వచ్చే ముందు హెచ్చరిక, పూడిక పనుల జాబితా తెలుగులో ఏ వార్డు గోడ మీదైనా అంటించారా అని మాత్రం అడుగుతున్నాం.

కాలువ మీద అరుగు వేసుకున్నవాడు, చెత్త సంచి తూములోకి విసిరినవాడు కూడా మనలో ఉన్నారు. వాళ్ళను వెనకేసుకురాం. అయితే అరుగులు తొలగించే పేరుతో ముందు బస్తీల మీదికే బుల్‌డోజర్ పంపి, చెరువు మింగిన మేడను వదిలేస్తే ఒప్పుకోం.

డివిజనల్ రైల్వే మేనేజర్ (డీఆర్ఎం), పురపాలక ఛైర్మన్, జిల్లా మేజిస్ట్రేట్ ముగ్గురూ సంతకం పెట్టిన ఒకే మురుగునీటి పటం కావాలి. ఏ తూము ఎవరిది, దానికి బాధ్యుడైన ఇంజనీరు ఎవరు అన్నది అందులో ఉండాలి. తీసిన పూడిక మే 31 లోపు ఊరు దాటి పోవాలి. ఇది వాళ్ళంతట వాళ్ళు చేస్తారన్న నమ్మకం మాకు లేదు. కాబట్టి వార్డుకొకరు చొప్పున సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ఫీజు 10 రూపాయలు. ఒకటి డీఆర్ఎం ఆఫీసుకు, ఒకటి మునిసిపాలిటీకి. రెండింట్లోనూ ఒకే ప్రశ్న: మా పేట నీరు పోయే తూము ఏది, దాన్ని చివరిసారి ఏ తేదీన శుభ్రం చేశారు? ఒకే తూముకు రెండు ఆఫీసులూ ‘మాది కాదు’ అని రాసిస్తే ఆ రెండు కాగితాలూ కలిపి కలకత్తా హైకోర్టులో పెట్టండి.